బ్రేక్ పెడల్ మెల్లగా లోపలికి దిగుతోంది, సర్వీస్ సెంటర్ వాళ్లు మాత్రం ఏం లేదంటున్నారు

సుబేదారి బండి:
అందరికీ నమస్తే. నాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, 60 వేల కిలోమీటర్లు దాటింది. ఈ మధ్య ఒక తేడా గమనిస్తున్నాను. అదాలత్ సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు పెట్టి ఆగితే, నేను ఎక్కువ నొక్కకపోయినా పెడల్ మెల్లమెల్లగా కిందికి దిగుతోంది. కాలు తీసి మళ్లీ నొక్కితే పైనే పట్టుకుంటోంది. నడుస్తున్నప్పుడు బండి బాగానే ఆగుతోంది. బ్రేక్ ఆయిల్ డబ్బా చూశాను, మట్టం తగ్గలేదు. బండి కింద ఎక్కడా తడి కూడా లేదు.

సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే కుర్రాడు బయట ఒక రౌండ్ వేసుకొచ్చి "బ్రేకులు మంచిగ పడుతున్నయి సార్, ఈ మోడల్‌కు పెడల్ ఇట్లనే ఉంటది" అన్నాడు. జాబ్ కార్డులో "బ్రేక్ చెక్, ఓకే" అని రాసి పంపించారు. అమ్మానాన్నలను రామప్పకు, అక్కడి నుంచి లక్నవరం తీసుకుపోవాలనుకుంటున్నాను. ఇది నిజంగా మామూలేనా? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్ మేస్త్రీ:
మామూలు కాదు తమ్మీ. ఆ బండిని ఊరు దాటించకు.

నువ్వు చెప్పిన గుర్తులన్నీ మాస్టర్ సిలిండర్‌వే. పెడల్ నొక్కితే అందులోని పిస్టన్ ముందుకు పోయి ఆయిల్‌ను నాలుగు చక్రాలకు తోస్తుంది. పిస్టన్ చుట్టూ రబ్బరు సీళ్లు ఉంటాయి. అవి అరిగితే ఆయిల్ చక్రాలకు పోకుండా సీలు పక్క నుంచి జారి వెనక్కే వస్తుంది. లోపల్లోపలే తిరుగుతుంది కాబట్టి డబ్బాలో మట్టం తగ్గదు, కింద చుక్క పడదు. గట్టిగా కొట్టినప్పుడు సీలు విచ్చుకొని పట్టుకుంటుంది, మెల్లగా నొక్కి ఉంచినప్పుడే జారుతుంది. అందుకే రౌండ్ వేసొచ్చిన వాళ్లకు దొరకలేదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు నొక్కి వదులు. పెడల్ తేలిగ్గా పడేలా సాయం చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. ఇప్పుడు మామూలు బలంతో నొక్కి అర నిమిషం అట్లనే పట్టుకో. నిలబడితే సీళ్లు బాగున్నట్టు. దిగుతూ పోతే మాస్టర్ సిలిండర్ పోయినట్టే. తర్వాత కాలు తీయకుండానే ఇంజన్ స్టార్ట్ చెయ్యి. పెడల్ కొంచెం కిందికి వచ్చి ఆగాలి. అది బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తు, దాన్ని చూసి కంగారు పడొద్దు.

కాజీపేట జంక్షన్:
నా బండికీ పెడల్ మెత్తబడింది, కానీ నాకు ఆయిల్ తగ్గేది. ప్రతిసారీ పైనుంచి కొంచెం పోసి పంపించేవాళ్లు. చివరికి టైరు విప్పించి చూస్తే వెనక ఎడమ చక్రం లోపలి వైపు జిడ్డు మరక కనిపించింది. డ్రమ్ము తీస్తే వీల్ సిలిండర్ రబ్బరు టోపీ కింద ఆయిల్ నిలిచి ఉంది, డ్రమ్ముకు ఒరుసుకొని చక్రాన్ని ఆపే లైనర్లు నానిపోయి ఉన్నాయి. వాటినే గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆయిల్ తాగిన లైనరు పైన తుడిచినా వేడెక్కినప్పుడు మళ్లీ ఊరుతుంది. రెండు వైపులా కొత్తవి వేయించాను.

ప్యాడ్లు అరిగే కొద్దీ కూడా మట్టం కొద్దిగా తగ్గుతుంది, అది సహజం. కానీ మళ్లీ మళ్లీ పోయాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే.

సుబేదారి బండి:
మేస్త్రీ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. అర నిమిషం కూడా కాకముందే పెడల్ దాదాపు కార్పెట్ దాకా దిగింది. వీడియో తీసి సర్వీస్ మేనేజర్‌కు చూపించాక మాట మారింది. బండిని నడపకుండా టోయింగ్‌లో పంపించాను. ఇప్పుడు ఒకరేమో సీళ్ల కిట్ వేస్తే చాలంటున్నారు, ఇంకొకరు మొత్తం సిలిండరే మార్చాలంటున్నారు. రేటులో చాలా తేడా ఉంది. ఏది చేయించాలి?

ఆటోనగర్ మేస్త్రీ:
మొత్తం మార్పించు. కిట్ వేయడం నాకూ వచ్చు, ఒకప్పుడు అదే చేసేవాళ్లం. కానీ సిలిండర్ లోపలి గోడకు గీతలు పడినా, తుప్పు గుంటలు ఉన్నా కొత్త సీళ్లను అవే కోసేస్తాయి. విప్పితే తప్ప అది కనపడదు. డబ్బులు మిగుల్చుకోవాలంటే సీట్ కవర్ల దగ్గర మిగుల్చుకో, ఇక్కడ వద్దు.

కొత్త పార్టు డబ్బా నీ ముందే తెరవమను. పాత పార్టు నీ చేతికి ఇవ్వమను, అది నీ సొమ్ము. బ్రేక్ ఆయిల్ కూడా సీలున్న చిన్న డబ్బా తెప్పించు. మూత తీసి నెలల తరబడి షెల్ఫ్ మీద పెట్టిన లీటరు డబ్బాలోంచి పోయనివ్వకు. ఇంకో ముఖ్యమైన మాట, అత్యవసరమైనా సరే ఆ డబ్బాలో ఇంజన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పోయకూడదు. మినరల్ ఆయిల్ తగిలితే రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. అట్లా పోసిన బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాల దాకా రబ్బరున్న ప్రతిదీ మార్చాల్సి వచ్చింది.

మెకానికల్ పంతులు:
మేస్త్రీ గారు సీలున్న డబ్బా అని ఎందుకన్నారో కొంచెం వివరిస్తాను. మన కార్లలో వాడే బ్రేక్ ఆయిళ్లు, అంటే డాట్ 3, డాట్ 4 ఫ్లూయిడ్లు, గాలిలోని తేమను పీల్చుకుంటాయి. రబ్బరు గొట్టాల గుండా, డబ్బా మూత సందుల గుండా ఏళ్ల తరబడి నీరు కొద్దికొద్దిగా కలుస్తూనే ఉంటుంది. తాజా డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీరు కలిశాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155.

వరుసగా బ్రేకులు నొక్కుతూ ఘాట్ దిగేటప్పుడు ప్యాడ్లను డిస్కు మీద నొక్కే కాలిపర్ దగ్గర వేడి ఆ స్థాయికి చేరగలదు. ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. అంటే మీరు నొక్కిన బలమంతా బుడగలను నలపడానికే సరిపోతుంది, చక్రానికి చేరేది ఉండదు. పెడల్ ఒక్కసారిగా నేలకు తగులుతుంది. కాసేపు ఆగి చల్లారాక మళ్లీ పనిచేస్తుంది కాబట్టి గ్యారేజీకి తీసుకుపోతే ఏ లోపమూ కనపడదు.

చాలా కంపెనీలు రెండేళ్లకో, 40 వేల కిలోమీటర్లకో ఒకసారి మార్చమని మాన్యువల్‌లో రాస్తాయి. మన దగ్గర ఇంజన్ ఆయిల్ గురించి అడిగే వాళ్లలో పదో వంతు కూడా దీని గురించి అడగరు. డబ్బాలో లేత పసుపు రంగు పోయి నల్లబడిందంటే ఎప్పుడో మార్చాల్సింది. రంగు బాగున్నంత మాత్రాన నీరు లేదనుకోకండి, తేమ చూసే చిన్న పెన్ను లాంటి పరికరం మంచి గ్యారేజీల్లో ఉంటుంది.

నిర్మల్ ఘాట్:
పంతులు గారు చెప్పింది మా మహబూబ్ ఘాట్‌లో కళ్లారా చూస్తుంటాం. కింద మలుపు దగ్గర బండ్లు ఆపి, ముందు చక్రాల మీద నీళ్లు చల్లుతుంటారు. దయచేసి అట్లా చేయకండి. ఎర్రగా కాలిన డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకర తిరుగుతుంది, పగుళ్లు కూడా రావచ్చు. నీడలో ఆపి గాలికి చల్లారనివ్వాలి. ఆపినప్పుడు హ్యాండ్ బ్రేకు బదులు గేర్‌లో పెట్టి చక్రాలకు రాయి అడ్డం పెట్టండి.

ఇంకొక చెడ్డ అలవాటు, పెట్రోల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగడం. కార్బురేటర్ కాలం ఎప్పుడో పోయింది. ఇప్పటి ఇంజన్లలో గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్టర్లు పెట్రోల్ పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి పెట్రోల్ పోతూనే ఉంటుంది. అంటే కలిసొచ్చేది ఏమీ లేదు, పైగా బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఎక్కడానికి ఏ గేరు వాడారో దిగడానికీ అదే గేరు వాడండి. ఆటోమేటిక్ అయితే లివర్‌ను మాన్యువల్‌లోకో, తక్కువ గేరైన ఎల్‌లోకో మార్చండి. బ్రేకును నొక్కి ఉంచకుండా, కొంచెం గట్టిగా నొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయండి. కెరమెరి ఘాట్‌కైనా ఇదే పద్ధతి.

కాలిన వాసన వచ్చిందంటే ఇంకొక మలుపు పోదామనుకోవద్దు. అక్కడే ఎడమ పక్కకు తీయండి.

జగిత్యాల న్యాయవాది:
ఘాట్ మాట వస్తే మా జిల్లా వాళ్లకు కొండగట్టు గుర్తొస్తుంది. 2018 సెప్టెంబరు 11న ఘాట్ రోడ్డు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడింది, 60 మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో వంద మంది దాకా ఉన్నారు. కారు వాళ్లు దీన్ని తమకు సంబంధం లేని విషయంగా చూస్తారు. ఐదుగురి కారులో ఎనిమిది మంది, డిక్కీ నిండా సామాను, పైన క్యారియర్. మేడారం జాతరకు, కొండగట్టుకు, వేములవాడకు ఇట్లాగే బయలుదేరుతాం. బరువు పెరిగిన మేరకు బ్రేకులు మింగాల్సిన వేడి పెరుగుతుంది. డోరు పక్కన స్టిక్కర్ మీద నిండు బరువుకు టైర్లలో ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. దాన్నైనా చూసుకొని బయలుదేరండి.

నర్సంపేట టీచర్:
ఘాట్ కంటే మా దగ్గర వేరే భయం. యాసంగి కోతలప్పుడు నర్సంపేట రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రి నల్ల టార్పాలిన్ కప్పుతారు. హెడ్‌లైట్ వెలుగులో ఆ నలుపు రోడ్డు నలుపులో కలిసిపోతుంది.

మా తమ్ముడు కొత్తగా కారు కొన్నాడు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే వడ్ల మీదికి దిగి గట్టిగా బ్రేకు కొట్టాడు. పెడల్ కాలి కింద గడగడ కొట్టుకుంది, ఏదో విరిగిన చప్పుడు వచ్చింది. బ్రేకు ఫెయిలైందనుకొని భయపడి కాలు తీసేశాడు. రాయికి తగిలి బంపర్ పోయింది, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అది ఏబీఎస్ (గట్టి బ్రేకు పడ్డప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తున్న చప్పుడని అతనికి ఎవరూ చెప్పలేదు. బండి డెలివరీ ఇచ్చేటప్పుడు రిబ్బన్ కట్టి, కొబ్బరికాయ కొట్టించి, ఫొటో తీశారు. పాటలు ఎట్లా పెట్టాలో నేర్పించారు, ఈ ఒక్క మాట చెప్పలేదు. ఇది నాకు చాలా కోపం తెప్పించింది.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఇంట్లో డ్రైవింగ్ నేర్చుకునే పిల్లలకు ఒకసారి ఖాళీ మైదానంలో దాన్ని చూపించండి. పెడల్ కొట్టుకున్నా కాలు తీయకుండా అట్లాగే నొక్కి ఉంచాలి, స్టీరింగ్ తిప్పి అడ్డం తప్పించుకోవాలి. చక్రాలు బిగుసుకోకుండా ఉండేది ఆ తిప్పుకునే వీలు కోసమే.

మెకానికల్ పంతులు:
టీచర్ గారికి చిన్న చేర్పు. వడ్లు, మక్కలు, కంకర లాంటి విడి గింజల మీద ఏబీఎస్ ఉన్నా ఆగే దూరం పెరుగుతుంది, కొన్నిసార్లు ఏబీఎస్ లేని బండి కంటే ఎక్కువే అవుతుంది. గోళీల మీద నడిచినట్టే. అక్కడ వేగం ముందే తగ్గించుకోవడం తప్ప మార్గం లేదు. 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 22 మీటర్లు పోతాం. కాలు యాక్సిలరేటర్ నుంచి బ్రేకు మీదికి వచ్చేలోపే అంత దూరం అయిపోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగింతలు.

పరకాల రైతుబిడ్డ:
మేడం, మీ బాధ నిజమే. మా బాధ కూడా వినండి. తేమ 17 శాతం లోపు ఉంటేనే వడ్ల కొనుగోలు సెంటర్‌లో కాంటా పెడతారు. కల్లాలు ఊరందరికీ సరిపోవు. మట్టి మీద ఆరబోస్తే రాళ్లు, తాలు అంటూ కోత పెడతారు. వేడెక్కిన తారు రోడ్డు మీదైతే తొందరగా ఆరుతాయి. ఎవరికీ ఇష్టమై రోడ్డెక్కడం లేదు. కానీ రాత్రి నల్ల టార్పాలిన్, రాళ్లు తప్పే, నేను ఒప్పుకుంటాను. రాళ్ల బదులు ఇసుక సంచులు పెట్టి, వాటికి మెరిసే రేడియం టేపు అతికించాలని మా ఊళ్లో చెప్పి చూశాను. కొందరు పెడుతున్నారు. ఊరూరా సిమెంటు కల్లాలు కడితే ఈ గొడవే ఉండదు.

నర్సంపేట టీచర్:
అన్నా, మీరు చెప్పింది అర్థమైంది. రేడియం టేపు సంగతి మా సర్పంచికీ చెప్తాను.

ములుగు రోడ్:
వాన సంగతి ఎవరూ ఎత్తలేదు. 2023 జులైలో మా ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి మునిగింది, ఇటు హనుమకొండలో కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. మునిగిన కార్లకు చాలామంది ఇంజన్, సీట్లు బాగుచేయించుకున్నారు. బ్రేకులు విప్పించిన వాళ్లు తక్కువ. మా పక్కింటి వాళ్ల బండి అట్లాగే నడిచి, కొన్నాళ్లకు ఒక పక్కకు లాగడం మొదలైంది. కాలిపర్ జారే పిన్నులు బురద పట్టి బిగుసుకుపోయాయి. ఒక ప్యాడ్ రేకు దాకా అరిగింది, అవతలిది కొత్తదాని లాగే ఉంది. చక్రం దగ్గర చెయ్యి పెడితే ఒకటి కాలుతోంది, మిగతావి మామూలుగా ఉన్నాయి.

లోతు నీళ్లు దాటినప్పుడు వెంటనే వేగం పెంచకుండా, మెల్లగా పోతూ బ్రేకును తేలిగ్గా కొన్నిసార్లు నొక్కండి. డిస్కు, డ్రమ్ము ఆరిపోతాయి.

గోదావరిఖని షిఫ్ట్:
తడిసిన బండికి హ్యాండ్ బ్రేకు వేసి రోజుల తరబడి వదిలేయకండి. లైనర్లు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుంటాయి. సమతలం మీదైతే ఫస్ట్ గేర్‌లో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెడితే చాలు. మా దగ్గర బొగ్గు దుమ్ము, బూడిద. ఏడాదికి ఒకసారైనా డ్రమ్ములు విప్పించి శుభ్రం చేయిస్తాను. టిప్పర్ల వెనక దగ్గరగా పోవద్దు, వాటి బ్రేకు లైట్లు సగం వెలగవు.

కాజీపేట జంక్షన్:
డ్రైవర్ సీటు కింద నీళ్ల సీసా పెట్టుకునే వాళ్లకు ఒక మాట. అది దొర్లి పెడల్ కింద ఇరుక్కుంటే బ్రేకులు ఎంత బాగున్నా లాభం లేదు. కొక్కెం లేకుండా జారే మ్యాట్ కూడా అంతే.

ఓరుగల్లు ఎస్‌యూవీ:
నా బండిలో అడాస్, అంటే ముందున్న అడ్డాలను పసిగట్టి డ్రైవర్‌కు సాయపడే సిస్టమ్ ఉంది, దానంతటదే బ్రేకు వేసుకుంటుంది. హైదరాబాద్ హైవే మీద బాగానే ఉంది. ఊళ్ల దగ్గర ఆటో అడ్డం వచ్చినప్పుడు అవసరానికి మించి గట్టిగా కొడుతుంది, వెనక వచ్చేవాళ్లు గుద్దుతారని భయం. ఇంతకూ నా ప్రశ్న వేరే. నిజంగా రోడ్డు మీద బ్రేకు పూర్తిగా పోతే ఏం చేయాలి? నాది బటన్ హ్యాండ్ బ్రేకు.

నిర్మల్ ఘాట్:
ముందు పెడల్‌ను గబగబా కొట్టండి, కొంత ప్రెషర్ తిరిగి రావచ్చు. హజార్డ్ లైట్లు, హారన్. గేర్లు ఒక్కొక్కటిగా కిందికి దించండి, ఒక్కసారే ఫస్ట్‌కు వేయొద్దు. లివర్ హ్యాండ్ బ్రేకు అయితే దాని బటన్ నొక్కి ఉంచి మెల్లమెల్లగా లాగండి, ఒక్కసారి లాగితే బండి తిరిగిపోతుంది. మీ లాంటి బటన్ అయితే చాలా బండ్లలో దాన్ని లాగి వదలకుండా పట్టుకుంటే సిస్టమే బండిని ఆపుతుంది. మీ మాన్యువల్‌లో ఆ పేజీ ఒకసారి చూసుకోండి. తాళం మాత్రం తీయొద్దు. స్టీరింగ్ బిగుసుకుంటుంది, లాక్ కూడా పడొచ్చు.

సుబేదారి బండి:
సిలిండర్ మొత్తం మార్పించాను, పాత పార్టు తీసుకున్నాను. పెడల్ ఇప్పుడు పైనే నిలబడుతోంది. కానీ మొదట "ఓకే" అని రాసి పంపిన జాబ్ కార్డు సంగతి వదలబుద్ధి కావడం లేదు. నా తర్వాత వచ్చేవాళ్లకూ అదే చెప్తారు కదా. ఏమైనా చేయొచ్చా?

జగిత్యాల న్యాయవాది:
చేయొచ్చు. మొదటి జాబ్ కార్డు, మీ వీడియో, రెండో బిల్లు, టోయింగ్ రసీదు భద్రంగా పెట్టుకోండి. ముందు కంపెనీకి ఈమెయిల్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, ఫోన్ మాటలకు విలువ ఉండదు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన విలువ 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. వకీలు తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు.

ఒకే మోడల్‌లో చాలామందికి ఇదే వస్తుంటే అది వేరే సంగతి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 110ఎ సెక్షన్ వచ్చింది. ప్రమాదకరమైన లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారం దాంతో కేంద్ర ప్రభుత్వానికి ఉంది. మీ ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ ఏదైనా ఉందేమో చూడండి. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఇది తప్పకుండా చూడాలి, ఎందుకంటే కంపెనీ ఉత్తరాలు పాత యజమాని చిరునామాకు పోతాయి.

కాజీపేట జంక్షన్:
మేస్త్రీ గారూ, రేపు ముందు ప్యాడ్లు మార్పిస్తున్నాను. పక్కన ఉండి ఏం చూసుకోవాలి?

ఆటోనగర్ మేస్త్రీ:
పాత ప్యాడ్ల మందం చూడన్నా. 3 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చినవి మార్చాల్సిందే. లోపలిది, బయటిది ఒకే తీరుగా అరిగాయా చూడు, తేడా ఉంటే పిన్నులు శుభ్రం చేసి వాటికి తగిన గ్రీజు పెట్టమను. డిస్కు అంచు మీద వేలు పెట్టి చూడు, గట్టు లాగా తగిలితే మందం కొలిపించు, కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది. ప్యాడ్లు రెండు చక్రాలకూ కలిపే మార్చాలి.

అన్నిటికంటే ముఖ్యం, కొత్త ప్యాడ్లు పట్టడానికి పిస్టన్‌ను వెనక్కి నెడతారు. కాబట్టి మొదటిసారి నొక్కినప్పుడు పెడల్ ఖాళీగా కిందికి పోతుంది. బండి కదిలించకముందే, గట్టిపడేదాకా పెడల్ కొట్టాలి. గ్యారేజీ వాళ్లు కొట్టామన్నా సరే, నువ్వు సీట్లో కూర్చొని ఇంకోసారి కొట్టి చూసుకో. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు వాడకుండా నడుపు, కొత్త ప్యాడ్ డిస్కుకు కుదురుకోవాలి. రెండ్రోజులయ్యాక చక్రం నట్లు మళ్లీ ఒకసారి బిగింపించు.